కోటవాకిలి చక్రంలో గువ్వగూడు

వెన్నెలదొన గుహలో కుంభీరక మాంత్రికుడి కళ్లు గప్పి, సొరకాయ బుర్రలో దోసెడు నీళ్లు దొంగిలించుకొని పారిపోయిన మన ప్రయాణికులిద్దరూ మూడు పగళ్లు గుర్రాలు దిగకుండా స్వారీ చేసి, నాలుగోనాటి మధ్యాహ్నానికి గువ్వలపురి పొలిమేర చేరారు.

ఆ పట్టణ వైభవం ఏమని చెప్పేది! ఎర్రరాతి కోటగోడలు, గోడల మీద తామరమొగ్గల బురుజులు, బురుజుల మీద ఇత్తడి శిఖరాలు, ఆ శిఖరాల మీద పావురాలు. మేడల అంచుల్లో పావురాలు, అంగళ్ల పందిళ్ల మీద పావురాలు, కొలువుకూటం ముందున్న రాతి ఏనుగు చెవుల సందుల్లోనూ పావురాలే. నీలిమెడలవీ, బూడిదరంగువీ, రెక్కల మీద నల్లచారలవీ, గోధుమవన్నెవీ, ఏ వన్నె అని తేల్చి చెప్పలేనివీ. అవి వీధి మధ్యలో తాపీగా నడుస్తుంటే బండ్లు ఆగి దారిచ్చేవి. గింజల వర్తకుడి త్రాసులో ఒకటి కూర్చుంటే అది లేచేదాకా బేరం ఆగేది. రెట్టలు కడగలేక చస్తున్నామని ఆ ఊరి ఆడవాళ్లు పొద్దున లేస్తూనే వాటిని తిట్టేవారు. తిట్టిన నోటితోనే పిలిచి నూకలు చల్లేవారు. తిట్టని ఇల్లు ఒక్కటి లేదు, తిండి పెట్టని ఇల్లూ లేదు.

ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. పావురం ఎక్కడ గుడ్డు పెడితే ఆ చోటు, పిల్లలు ఎగిరిపోయేదాకా, దానిదే. ఆ వస్తువును రాజైనా కదపరాదు. ఒక ఏడు న్యాయాధికారి పీఠం మీద గువ్వ గుడ్లు పెట్టింది. పాపం ఆయన నెలన్నర పాటు నిలబడే తీర్పులు చెప్పాడు. ఆ నెలన్నరలో తీర్పులన్నీ పొట్టిగా, చక్కగా వచ్చాయని ఊరివాళ్లు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు.

సరే, మన ప్రయాణికుల సంగతికొద్దాం. ముందు గుర్రం మీద ఉన్న మీసాల సైనికుడు నిజానికి సైనికుడు కాడు. చంద్రశిల రాజ్యపు రాకుమార్తె వాసంతిక. వెనక గుర్రం మీద, వీపున వెదురు బుట్ట కట్టుకొని వస్తున్నవాడు సారంగుడు, రాజుగారి పావురాలశాల చూసుకునే మనిషి. మాటలో నిదానం, చేతిలో మెత్తదనం ఉన్నవాడు. బుట్టలో వాడు పెంచిన నాలుగు పల్టీ పావురాలున్నాయి. తల్లి చచ్చిపోతే తన నోట శనగలు నమిలి పెట్టి పెంచాడు వాటిని.

సరిగ్గా తొంభై రోజుల కిందట కుంభీరకుడు వాసంతిక తమ్ముణ్ణి, పద్దెనిమిదేళ్ల యువరాజు మణిధరుణ్ణి, పావురాన్ని చేసి గాలిలోకి విసిరేశాడు. తొంభయ్యోనాటి పొద్దు కుంగేలోగా ఆ పావురం తనంతట తానుగా వచ్చి, తోబుట్టువు దోసిట్లో వెన్నెలదొన నీళ్లు తాగితే మళ్లీ మనిషవుతాడు. తాగకపోతే దేహంతోపాటు మనసు కూడా పావురానిదే అయిపోతుంది, మళ్లీ తిరిగిరాడు. ఆ తొంభయ్యో రోజు ఇవాళే. కుంభీరకుడు తన గుర్రపుదళంతో వెనకే తరుముకొస్తున్నాడు.

"సారంగా, పొద్దు వాలుతోంది. ఇన్ని పావురాల్లో నా తమ్ముణ్ణి ఎట్లా పోల్చుకుంటాం? వాడు ఈ ఊళ్లోనే ఉన్నాడని నీకు నమ్మకమేనా?" అంది వాసంతిక.

"ఇల్లు తప్పిన పెంపుడు పావురం ఏదైనా చివరికి ఈ ఊరే చేరుతుందమ్మగారూ. ఇక్కడైతే ఎవరూ రాయి విసరరు. మీరు మాత్రం కంగారుపడకండి, కంగారు మనిషిని అవి ఇట్టే పసిగడతాయి. ముందు ఆ మీసం సర్దుకోండి, ఎడమవైపు ఊడివస్తోంది."

కోటవాకిట్లో ఒక నులకమంచం మీద కూర్చుని అరవయ్యేళ్ల అవ్వ జొన్నలు చెరుగుతోంది. ఆమె పేరు ఎల్లసాని. మొగుడు పోయాక వాకిలి కాపలా ఆమెకే వచ్చింది. మొలలో తాళంచెవి, పక్కన ఈటె, ఒళ్లో చేట.

"రండి నాయనా రండి, తలుపు తీసే ఉంది. మూద్దామన్నా మూయలేను," అంది ఆమె, చేట ఆపకుండానే.

"అదేంటవ్వా?" అన్నాడు సారంగుడు గుర్రం దిగుతూ.

"అదుగో, పైకి చూడు. ఇనపతలుపును దించే చక్రం ఉందా? దాని ఆకుల మధ్య నా కూతురు కాపురం పెట్టింది. పన్నెండు రోజులైంది గుడ్లు పెట్టి. చక్రం తిప్పితే గుడ్లు నలుగుతాయి. అందుకని రాత్రీ పగలూ వాకిలి బార్లా తెరిచే ఉంది."

"కూతురా?"

"ఆ, బూడిదమ్మ. ఈ వాకిట్లోనే పుట్టింది, కుడికాలికి ఒక వేలు లేదు. ఎన్ని సంబంధాలొచ్చినా ముక్కుతో పొడిచి తరిమేసిందయ్యా మహాతల్లి. రెండు నెలల కిందట ఎక్కణ్ణుంచో ఒక తెల్లమెడవాడు వచ్చాడు. ఏం చూసి మెచ్చిందో ఏమో! ఇల్లరికపుటల్లుడు. పనీపాటా రాదు, గింజ ఏరుకోవడం కూడా ఇదే నేర్పింది వాడికి. కానీ గూడు మాత్రం భలే కట్టాడు. పట్టుసాలెల వీధి నుంచి దారాలు ఎత్తుకొస్తున్నాడని రోజూ నాకు తగువులే."

సారంగుడు నిచ్చెన తెచ్చుకొని పైకెక్కి చక్రంలోకి తొంగి చూశాడు. చూసినవాడు చూసినట్టే ఉండిపోయాడు.

పావురాల గూడు ఎట్లా ఉంటుందో మీరెరుగుదురు. నాలుగు పుల్లలు అడ్డంగా, రెండు నిలువుగా పడేసి, ఇదే ఇల్లు అనుకుంటాయి. గుడ్డు దొర్లిపోకుండా ఉండటం దైవాధీనం. ఈ గూడు అట్లా లేదు. గుండ్రటి అంచు, అంచు చుట్టూ పసుపు ఎరుపు పట్టుదారాల అల్లిక, లోపల దూది పరుపు, తలవైపు కాస్త ఎత్తుగా ఒక దిండు. అచ్చంగా చంద్రశిల అంతఃపురంలోని హంసతూలిక తల్పం! దానిమీద రెక్కలు వెడల్పుగా పరుచుకొని, ఒక తెల్లమెడ పోతుపావురం ఎంతో శ్రద్ధగా పొదుగుతోంది.

"అమ్మగారూ, దొరవారు దొరికారు," అన్నాడు సారంగుడు. "భూమ్మీద ఏ పావురమూ గూట్లో దిండు పెట్టుకోదు."

వాసంతిక మూడంగల్లో నిచ్చెన ఎక్కి పక్కనున్న దూలం మీదికి చేరింది. "మణీ!" అంది. పావురం చటుక్కున తల తిప్పింది. గొంతు ఉబ్బించి గురగురమంది, సగం లేచింది. లేచి, కాళ్ల కిందున్న రెండు తెల్లటి గుడ్ల వైపు చూసుకుంది. మళ్లీ మెల్లగా కూర్చుంది.

"ఒరేయ్, నేనురా, అక్కని! నీళ్లు తెచ్చాను. వచ్చి తాగరా!"

పావురం అక్క ముఖంలోకి చూస్తూ గురగురమంటూనే ఉంది. కదిలితే ఒట్టు.

"పుట్టినప్పటినుంచీ ఒక్క పని బుద్ధిగా చేసి ఎరుగడు. కత్తిసాము అంటే కడుపునొప్పి, కొలువు అంటే తలనొప్పి. ఇప్పుడేంటీ భక్తి? నాన్నగారు మంచం పట్టారురా! రాజ్యం పోతోందిరా!" అని వాసంతిక అరిచిన అరుపుకు మీసం పూర్తిగా ఊడి కింద ఎల్లసాని చేటలో పడింది.

అవ్వ దాన్ని రెండు వేళ్లతో తీసి పక్కన పెట్టింది. "ఆడపిల్లవని గుర్రం దిగినప్పుడే తెలిసిందిలే తల్లీ. అయితే మా అల్లుడు యువరాజా? నేను రోజూ తిడుతున్నానే!" అని నోరు నొక్కుకుంది.

సారంగుడు గుడ్ల కిందికి తన అరచెయ్యి పోనివ్వబోయాడు. వెచ్చగా పట్టుకుంటే నమ్మి లేస్తాడేమోనని ఆశ. యువరాజు రెక్కతో మణికట్టు మీద ఛెళ్లున ఒక్కటిచ్చి, ఆపైన ముక్కుతో పొడిచాడు.

"లాభం లేదమ్మగారూ. పావురాలకు వంతులుంటాయి. పొద్దు జామెక్కాక పోతు వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఎండ చల్లబడ్డాక పెంటి వచ్చి దింపుతుంది, రాత్రంతా తెల్లారేదాకా దానిదే. వంతుకు జత రాకుండా లేవడమన్నది వీటి వంశంలో లేదు. ఎండలో దాహంతో నోరు పిడచకట్టినా లేవవు. నా శాలలో ఇరవయ్యేళ్లుగా చూస్తున్నాను."

"అయితే బూడిదమ్మ వచ్చేదాకా ఆగాలా?"

"ఆగాలి."

"రాకపోతే?"

అవ్వ పడమటివైపు చూసింది. "ఎండ చల్లబడి చాలాసేపయిందే! ఎప్పుడో రావలసింది నా తల్లి," అంది.

పొద్దు బారెడే మిగిలింది. అప్పుడు కనబడింది వాళ్లకు, ఆకాశంలో చుట్టలు చుడుతున్న నల్లటి డేగ. కుంభీరకుడి పెంపుడు డేగ అది, కాళ్లకు ఇనుప గోళ్లు తొడిగి ఉంది. కందకం అవతల ఎండుతుమ్మ చెట్టు మీద, ముళ్లకొమ్మల నడుమ, చిన్న బూడిదరంగు ముద్ద ఒకటి నక్కి ఉంది.

"బూడిదమ్మ! ఇంటికి రానివ్వకుండా కాపు కాసింది పాపిష్టిది!" అని ఎల్లసాని ఈటె అందుకుంది. ఈటె అందే ఎత్తా అది! చెట్టు వెనక, దూరంగా, బాట మీద దుమ్ము లేచింది. గుర్రపుదళం వచ్చేస్తోంది.

సారంగుడు ఒక్క క్షణం తన బుట్ట వైపు చూశాడు. మూత మీద చెయ్యి వేసి, తీయలేక, మళ్లీ తీసి, లోపలి నాలుగింటినీ ఒక్కొక్కదాన్ని ముద్దుపెట్టుకున్నాడు.

"అవ్వా, ఊళ్లోవాళ్లని మేడలెక్కమను. పళ్లేలు, పలకలు, ఏది దొరికితే అది మోగించమను. ఊరి పావురం ఒక్కటి కూడా నేలమీద ఉండకూడదు!"

అవ్వ వాకిట్లోని కొమ్ముబూర ఊదింది. ఆ ఊరివాళ్లకు పావురాల ఆపద అని తెలిస్తే ఇంకేం కావాలి? అన్నం పళ్లెం ముందున్నవాడు ఆ పళ్లెంతోనే మేడెక్కాడు. పెళ్లివారి సన్నాయిమేళం అటే పరుగెత్తింది. సారంగుడు బురుజు కొసకు ఎగబాకి, పొడుగాటి వెదురుకు తన నల్లగుడ్డ తలపాగా కట్టి గిరగిర తిప్పుతూ, రెండు వేళ్లు నోట పెట్టి ఈల వేశాడు. వాడి నాలుగు పల్టీ పావురాలు బాణాల్లా పైకి లేచి, నడి ఆకాశంలో మొగ్గలు వేస్తూ పెద్ద వలయం తిరగసాగాయి. పెంపుడువి ఎటు తిరిగితే గోడపావురాలు అటే! ముందు వందలు లేచాయి, వెనక వేలు, ఆపైన పట్టణమంతా ఒక్కసారిగా నేల విడిచి లేచినట్టయింది. ఆ రెక్కల చప్పుడుకు అంగళ్ల గుడారాలు పటపట కొట్టుకున్నాయి. వీధుల మీద నీడ పరుచుకుంది.

డేగ వాలు పట్టి దూసుకొచ్చింది. గుంపు చీలి, దానిని దాటనిచ్చి, వెనకే కలుసుకుంది. డేగ మళ్లీ దూకింది. గుంపు మళ్లీ విడిపోయింది. ఒక్కదాన్ని ఏరుకుంటేనే డేగ పట్టగలదు. ఇన్నింటి మధ్య దాని చూపు ఏ ఒక్కదాని మీదా నిలవలేదు. సారంగుడు గుడ్డ తిప్పుతూ గుంపును కొంచెం కొంచెంగా పడమటికి నడిపాడు. కందకం దాటించాడు, తుమ్మచెట్టు మీదుగా తిప్పి మళ్లించాడు. గుంపు వెనక్కి మళ్లేసరికి చెట్టుకొమ్మ ఖాళీగా ఉంది.

"వచ్చేస్తోంది! నా తల్లి వచ్చేస్తోంది!" అని కేకపెట్టింది ఎల్లసాని.

కోపంతో పిచ్చెత్తిన డేగ, గుంపు నుంచి మొగ్గవేస్తూ ఒక్క మూరెడు పక్కకు తొలగిన పావురాన్ని పట్టుకుపోయింది. అది నుదుట చుక్క ఉన్నది. నాలుగింటిలో కడగొట్టుది. రాత్రుళ్లు సారంగుడి గడ్డం కింద ముడుచుకొని పడుకునేది. సారంగుడు కళ్లారా చూశాడు. చేతిలో వెదురు ఆగలేదు కానీ, కళ్లనుంచి నీళ్లు ధారగా కారి గడ్డం తడిసిపోయింది. వాడికి బిడ్డలు లేరు.

వాకిట్లో బూడిదమ్మ వచ్చి చక్రం మీద వాలింది. రెక్క కింద గీరుకుపోయి నెత్తురు వచ్చింది. అయినా ముందు గూడు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, గొణిగి, ఎందుకింత ఆలస్యమని తననే ఎవరో అడిగినట్టు విసుక్కుంది. యువరాజు దాని మెడ మీది ఈకలు ముక్కుతో రెండుసార్లు సర్దాడు. ఆ తరువాత గుడ్లకు తగలకుండా అడుగు వెనక అడుగు వేసి పక్కకు తప్పుకున్నాడు. అది ఛాతీ వంచి, గుడ్లను పొట్టకిందికి తోసుకొని కూర్చుంది.

వాసంతిక దోసిలి పట్టింది. అవ్వ నిచ్చెనెక్కి బుర్రలోని నీళ్లు ఒంపింది. పశ్చిమాన సూర్యబింబం కొండను తాకుతోంది. రోజంతా దాహంతో ఉన్న పావురం దూలం మీద టకటక నడిచి వచ్చి, అక్క దోసిట్లో ముక్కు ముంచి, తల ఎత్తకుండా ఒక్క గుక్కన నీళ్లన్నీ పీల్చేసింది.

కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగొకటి మెరిసింది. వేటదుస్తుల్లో ఉన్న పద్దెనిమిదేళ్ల పొడగరి ఒకడు, అంతమందిని మోయలేని దూలం మీదినుంచి జారి, తిన్నగా అవ్వ జొన్నల రాశిలో పడ్డాడు.

వాసంతిక కిందికి దూకి తమ్ముణ్ణి కావలించుకొని ఏడ్చింది. ఏడుస్తూనే వీపు మీద రెండు దెబ్బలు వేసింది. వాడు మాత్రం తల కాస్త పక్కకు వంచి, ఒంటికంటితో పైకి చక్రం వైపే చూస్తున్నాడు. బూడిదమ్మ ఈ కొత్త మనిషిని చూసి ఈకలు నిక్కబొడుచుకొని బుసకొట్టింది.

"నేనేనే," అన్నాడు మణిధరుడు. గొంతులో గురగుర ఇంకా పోలేదు. అది మళ్లీ బుసకొట్టింది.

"తర్వాత, తర్వాత! అవ్వా, చక్రం తిప్పించు! తలుపు దించండి!" అని అరిచింది వాసంతిక. గుర్రాల డెక్కల చప్పుడు వినిపిస్తోంది.

వాకిట్లో వందమంది ఉన్నారు. చక్రం కొయ్యమీద ఒక్కరూ చెయ్యి వేయలేదు.

"రెండు గుడ్లమ్మా! రెండు గుడ్ల కోసం ఊరంతా తగలబెట్టుకుంటారా?"

"నిజమే తల్లీ," అంది ఎల్లసాని దిగులుగా. "నువ్వన్నది నిజమే. చేతులు రావడం లేదు, ఏం చెయ్యను?"

అందరికంటే ముందు ఆమే కదిలింది. తను కూర్చున్న నులకమంచం ఎత్తి వాకిలికి అడ్డంగా నిలబెట్టింది. అది చూసి వర్తకులు గింజల బస్తాలు దొర్లించుకొచ్చారు. కుండలవాళ్లు బండి తెచ్చి పడదోశారు. ఆడవాళ్లు రోళ్లు, తిరగళ్లు మోసుకొచ్చారు. చూస్తుండగానే కోటవాకిలి నిండా మంచాలూ, పీటలూ, గాదెలూ, బండిచక్రాలూ పేరుకుపోయాయి. నడుమ ఒక్క మనిషి పట్టే సందు మిగిలింది. దాన్ని పూడ్చడానికి ఇంకేమీ లేదు.

మణిధరుడు అక్క ఒరలోంచి కత్తి లాగాడు.

"నీకు కత్తి పట్టడమే సరిగ్గా రాదురా," అంది వాసంతిక. "నేను వెళ్తాను, ఇటివ్వు."

"నువ్వు నా వెనక ఉండక్కా. సందు పట్టుకొని నిలబడటానికి విద్య అక్కరలేదు. కదలకుండా ఉంటే చాలు. అది నాకు వచ్చు."

బురుజు దిగివచ్చిన సారంగుడి ఎర్రబడ్డ కళ్లనూ, మూడే పావురాలు మిగిలిన బుట్టనూ యువరాజు చూశాడు. దగ్గరికి వెళ్లి వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ తరువాత గొంతు బాగా తగ్గించి, ఎవరూ వినకుండా అన్నాడు:

"సారంగా, రేపు పొద్దు జామెక్కేసరికి నేను ఇక్కడుండాలి. నా వంతు."

మనిషి చెయ్యి దగ్గరికొస్తే బూడిదమ్మ ఎన్నటికీ రానివ్వదని, జత రాని పెంటి ఆకలికి తాళలేక ఏదో ఒక ఘడియలో గుడ్లను వదిలేస్తుందని సారంగుడికి తెలుసు. ఇరవయ్యేళ్లుగా తెలుసు.

"చిత్తం దొరా," అన్నాడు. "మీరు వచ్చేదాకా నేను చూస్తుంటాను."

మణిధరుడు తల ఊపి, మంచాల మధ్య సందులోంచి బయటికి నడిచాడు. బాట మీద నల్లగుర్రం ఎక్కి కుంభీరకుడు ముందుకొస్తున్నాడు, వాడి వెనక అరవైమంది రౌతులు.